బరువు పెరిగిన సాలగ్రామం

"కృష్ణా డెల్టా చూసి రండి మేడమ్, కళ్లు చల్లబడతాయి" అని మా కాలేజీలో అందరూ నవ్వుతూ సాగనంపారు. చూశాను. పచ్చగానే ఉంది. శ్రావణ మాసం, కాలువలు నిండుగా పారుతున్నాయి, నాట్లు అయిపోయాయి. కళ్లు చల్లబడ్డ మాట మాత్రం అబద్ధం. అక్కడున్నన్నాళ్లూ ఎవరో ఒకరి మీద అరుస్తూనే ఉన్నాను. ఇంటికొచ్చాక కూడా కోపం తగ్గకపోతే మా ఆయన "కాగితం మీద పెట్టు, నన్నొదిలెయ్" అన్నాడు. అందుకని రాస్తున్నాను.

నేను కడపలో డిగ్రీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెబుతాను. రాళ్లే నా పని. పద్మజ మా పిన్ని కూతురు. పెళ్లయి బెజవాడ వెళ్లి, మా యాసంతా కృష్ణలో కలిపేసి, ఇప్పుడు నాతో కూడా "అవునండీ" అని మాట్లాడి నాలుక కరుచుకుంటుంది. ఆ పిల్ల ఫోన్ చేసి, "అక్కా, ఆన్‌లైన్లో సాలగ్రామం కొన్నాను. ఒక్కసారి వచ్చి చూసి నిజమైనదేనని చెప్పవా" అంది. నిజమో కాదో చూడమనలేదు. నిజమైనదేనని చెప్పమంది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

తెలియని వాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. సాలగ్రామం నేపాల్లో గండకీ నదిలో దొరికే నల్లటి గుండ్రాయి. లోపల చక్రం ఉంటుంది, విష్ణుమూర్తి అని పూజిస్తారు. మా శాస్త్రం ప్రకారం అది శిలాజం. కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో, చుట్టలు తిరిగిన గుల్లలో ఒక ప్రాణి బతికింది. చచ్చి బురదలో పూడుకుపోయింది, రాయయింది. ఆ సముద్రపు అడుగే హిమాలయమై లేచింది. ఈ రెండు మాటలకూ నా లెక్కలో తగాదా లేదు. మా అమ్మ దానికి దండం పెట్టేది, నేను భూతద్దం పెడతాను.

బెంజ్ సర్కిల్ దగ్గర

తెల్లారి బస్సు దిగి బెంజ్ సర్కిల్ దాకా ఆటో ఎక్కాను. మా కడపలో ఆటోవాడు కసిరి మరీ ఎక్కువ అడుగుతాడు. ఇక్కడ "మేడమ్ గారూ, మీ ఇష్టమండీ, ఎంతోకొంత ఇవ్వండీ" అని మర్యాదగా రెట్టింపు పుచ్చుకున్నాడు. కసురే నయం అనిపించింది. పద్మజ ఇంట్లో ఇడ్లీ, అల్లప్పచ్చడి పెట్టారు. అల్లప్పచ్చడిలో ఇంత బెల్లం వేస్తారా ఎవరైనా! మా ఇళ్లల్లో అయితే దాన్ని పాకం అంటారు. నాలుగు ఇడ్లీలు తిన్నాననుకోండి, అది వేరే సంగతి.

తిన్నాక వెండి పళ్లెంలో రాయి తెచ్చి నా ముందు పెట్టింది. నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. పక్కన ప్లాస్టిక్ అట్టలో ఒక సర్టిఫికెట్. దాని మీద తళతళలాడే స్టిక్కర్, అడుగున "అయిదేళ్ల గ్యారంటీ" అని అచ్చు. కోట్ల ఏళ్లు నిలిచిన రాయికి అయిదేళ్ల గ్యారంటీ ఏమిటండీ! ఆ ముక్క చదివి కూడా ఈ పిల్ల పదకొండు వేల నూట పదహార్లు కట్టింది. సాలగ్రామాన్ని అమ్మకూడదని శాస్త్రం కాబట్టి దాన్ని ధర అనరట, "సమర్పణ" అంటారట. సమర్పణకు జీఎస్టీ అదనం.

చేతిలోకి తీసుకున్నాను. ఆ సైజు రాయికి ఉండాల్సిన బరువు లేదు. రాయి చేతికి చల్లగా తగలాలి, ఇది గది ఎంత వెచ్చగా ఉందో అంత వెచ్చగా ఉంది. భూతద్దం పెట్టాను. సన్నటి గాలిబుడగల గుంటలు. నడుం చుట్టూ పోత అచ్చు తాలూకు రెండు చెక్కలు కలిసిన గీత, ఆకురాయితో అరగదీసినా పోలేదు. చక్రం గీతలన్నీ ఒకే లోతు, ఒకే ఎడం. ప్రాణం ఉన్నది కట్టుకున్న గుల్లలో ఏ రెండు గీతలూ అంత పొందిగ్గా ఉండవు. పెరిగేకొద్దీ ఎడం పెరుగుతుంది, ఎక్కడో ఒకచోట వంకర పోతుంది.

"ఇది రాయి కాదు మే, పోత పోసింది" అన్నాను.

పద్మజ మొహం మాడిపోయింది. "కాదక్కా. టెస్ట్ చేశాం మేము. పాసయింది."

ఆ టెస్టు ఏమిటంటే, అమ్మినవాళ్లే ఒక వీడియో పంపారు. సాలగ్రామాన్ని ముందు తూచాలి. తర్వాత గిన్నెలో నీళ్లు పోసి అందులో ఉంచి అభిషేకం చేసి, బియ్యంలో పెట్టి, మళ్లీ తూచాలి. అసలైనదైతే బరువు పెరుగుతుంది, నకిలీదైతే పెరగదు. బియ్యంలో పెట్టి చూసే ఆచారం పాతదే, మా అమ్మమ్మ కూడా చెప్పేది. గిన్నెడు నీళ్లలో నానబెట్టమని మాత్రం ఏ అమ్మమ్మా చెప్పలేదు. నేను లేచి బాల్కనీలో పూలకుండీ కింద ఎత్తుకు పెట్టిన ఇటుక ముక్క తెచ్చాను. వాళ్ల వంటింటి తూకం మీద పెట్టి చూపించి, నీళ్లలో పడేసి, భోజనం చేసి వచ్చి, తుడిచి బియ్యంలో పెట్టి, తీసి మళ్లీ తూచాను. శుభ్రంగా పెరిగింది.

"ఈ ఇటుక కూడా విష్ణుమూర్తేనా? చెప్పు, దండం పెట్టుకుంటాను."

"ఇటుకకి నువ్వు మంత్రం చదవలేదుగా అక్కా" అంది ఆ మహాతల్లి.

ఆమె భర్త ప్రసాద్ చేపల మేత వ్యాపారం చేస్తాడు, నెమ్మదస్తుడు. అంతవరకూ గోడకు ఆనుకుని నిలబడ్డవాడు మెల్లగా, "వదినగారూ, మరి మా పాతది పెరగలేదండి" అన్నాడు.

"పాతదేంటి?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. వీళ్ల కుటుంబానికి తాతల నాటి సాలగ్రామం ఒకటుంది. ప్రసాద్, వాళ్లన్నయ్య సాంబశివరావు గారు పొలం పంచుకున్నారు, ఇల్లు పంచుకున్నారు. రాయిని పంచలేరు కాబట్టి వంతు పెట్టుకున్నారు. ఒక ఉగాది నుంచి ఇంకో ఉగాది దాకా ఒకరింట్లో, ఆ మర్నాటి నుంచి రెండోవారింట్లో. ఆడవాళ్లు సాలగ్రామాన్ని ముట్టకూడదనే వాళ్లున్నారు గాని, ఆ ఇంట్లో దాన్ని ముట్టకుండా బతికింది మగవాళ్లే. సాంబశివరావు గారి భార్య అన్నపూర్ణ గారు కాపురానికొచ్చిన నాటి నుంచి ఆవిడే కడిగింది, ఆవిడే నైవేద్యం పెట్టింది. ఆ తర్వాత వంతుల్లో పద్మజ చేరింది. ఈ ఏడు పద్మజ వంతు. రాయి ఇంట్లో ఉన్న ఏడాది వ్యాపారం బాగుంటోందని, ఉగాదికి ఇచ్చేస్తే ఇల్లు బోసిపోతుందని, సొంతంగా ఒకటి కొనుక్కుంది. వీడియో చూసి రెంటినీ పరీక్షించింది. కొత్తది బరువు పెరిగింది, పాతది పెరగలేదు.

"అంటే అన్నపూర్ణక్క అసలుది ఉంచేసుకుని మాకు డూప్లికేట్ ఇచ్చింది" అంది పద్మజ. "అందుకే దాన్ని ఈయనతో వెనక్కి పంపించేశాను. మీ నకిలీ మీ దగ్గరే ఉంచుకోండి, అసలుది పంపండి అని చెప్పించాను."

నాకు ఒళ్లు మండిపోయింది. ముక్కూ మొహం తెలియని వాడెవడో సెల్‌ఫోన్లో చెబితే నమ్మి, కన్నకూతురిలా చూసిన తోడికోడలిని దేవుణ్ణి దొంగిలించిందంటారా? "సిగ్గుందా మే నీకు!" అని అరిచాను. పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు తీసి చూశారు. ప్రసాద్‌ను కూడా వదల్లేదు. "ఆ మాట మోసుకెళ్లడానికి నీకు నోరెట్లా వచ్చింది నాయనా" అంటే తల వంచుకున్నాడు. "అన్నయ్య ఏమీ అనలేదండి. వదినైతే రాయి ఉన్న డబ్బా తీసుకుని లోపలికెళ్లిపోయింది. మజ్జిగ ఇచ్చి పంపింది" అన్నాడు. అంత మాట అన్నవాడికి మజ్జిగ కూడా ఇచ్చింది ఆవిడ.

ఇబ్రహీంపట్నం

పార్సిల్ అట్టపెట్టె మీద హిమాలయం బొమ్మ, "గండకీ తీరం నుంచి నేరుగా మీ ఇంటికి" అని బంగారు అక్షరాలు. పక్కన చీమల్లాంటి అక్షరాల్లో పంపినవారి చిరునామా ఇబ్రహీంపట్నం. గండకి ఇంత దగ్గర్లో ఉందని తెలియక జనం పాపం నేపాల్ దాకా పోతున్నారు. మర్నాడు పొద్దున్నే ప్రసాద్ కారు తీశాడు. పద్మజ రానంది. "రాకపోతే నేనిట్నుంచిట్టే కడప బస్సెక్కుతా" అన్నాను. వచ్చింది.

థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు దూరం నుంచే కనబడతాయి. ఆ చుట్టుపక్కల బొగ్గు కాలిన బూడిదతో ఇటుకలు పోసే షెడ్లు చాలా ఉన్నాయి. మంచి పనే, ఇటుకను ఇటుకని చెప్పి అమ్ముకుంటారు. మా చిరునామా ఆ వరసలో చివరి రేకుల షెడ్డు. బోర్డు లేదు. గుమ్మంలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ముప్పై ఏళ్ల మనిషి, నుదుట కుంకుమ, చేతికి రంగు దారాలు. నేను నోటికొచ్చింది చెప్పేశాను: "కడపలో పూజాసామాను కొట్టుంది నాకు. హోల్‌సేల్‌గా కావాల."

"రండి మేడమ్, రండి, ఎండనపడి వచ్చారు, కూర్చోండి" అని ఫ్యాను నావైపు తిప్పాడు. నిమ్మసోడాలు తెప్పించాడు. మర్యాదకు మాత్రం ఆ ప్రాంతంలో లోటు లేదు. లోపల బల్లల మీద రబ్బరు అచ్చులు, వరసగా ఆరబెట్టిన సాలగ్రామాలు, ఒక డ్రమ్ములో నల్ల రంగు. అటువైపు బస్తాల్లో బూడిద.

"బూడిద, సిమెంటు, కొంచెం జిగురండి. ఆరాక రంగులో ముంచి ఆవనూనె రుద్దుతామండి. కంప్లయింట్ రాదు మేడమ్."

"కొనేవాళ్లు పరీక్ష చేస్తే?"

నవ్వాడు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను. "చెయ్యాలండీ! టెస్ట్ వీడియో మనమే పెట్టాం కదా. బూడిద సరుకు నీళ్లు తాగుద్దండి, పైన రంగున్నా తాగుద్ది, బరువు పెరుగుద్ది. ఇంట్లో పాతదేదైనా ఉంటే అది గట్టి రాయండి, తాగదు. మనది పాసవుద్ది, పాతది ఫెయిలవుద్ది. అప్పుడు వాళ్లే చుట్టాలకి కూడా చెప్పి ఇంకో రెండు కొనిపిస్తారు."

పద్మజ సోడా సీసా సగంలోనే బల్ల మీద పెట్టేసింది. దొంగే తాళం చేసి, దొంగే దాన్ని పరీక్షించే పద్ధతి కూడా నేర్పుతున్నాడు! తట్టుకోలేక నిజం చెప్పేశాను, నేనెవరో, ఆ పిల్లెవరో, దీనివల్ల ఒక ఇంట్లో ఏం జరిగిందో. గొంతు చించుకుని అరిచాను. పనివాళ్లు చేతులాపి చూశారు. "ఆ నీళ్లు తీర్థమని రోజూ తాగారయ్యా వీళ్లు! రంగు నీళ్లు, సిమెంటు నీళ్లు!"

వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. "మేడమ్, కోప్పడకండి. ప్రోడక్ట్ మాదండి, భక్తి కస్టమర్‌దండి. ఇంట్లో గొడవలకి మేమేం చేస్తామండి" అన్నాడు. ఇంకో సోడా ఇమ్మంటారా అని కూడా అడిగాడు. పోలీసులకు చెబుతానంటే, "చెప్పుకోండి మేడమ్, పెట్టె మీద 'అలంకరణ వస్తువు' అని రాశామండి" అన్నాడు. చూస్తే నిజంగానే ఉంది, బార్‌కోడు కింద.

కార్లో పద్మజ ఏడుస్తూనే ఉంది. సాంబశివరావు గారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ సాయంత్రమంతా చేశాం, ఎత్తలేదు.

కూచిపూడి దాటాక

మూడో రోజు పొద్దున్నే బయల్దేరాం. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. దారిపొడుగునా కాలువ, ఇటు వరి, అటు చెరుకు, మధ్యలో చేపల చెరువులు. మా వైపు నీళ్ల ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకుని పరుగెత్తే వాళ్లం. ఇక్కడ గేదెలు కాలువలో మెడదాకా మునిగి దర్జాగా మనల్ని చూస్తుంటే అసూయ పుట్టింది. నీళ్లున్న చోట మనుషులకు బుద్ధి కూడా ఉండాలని ఎక్కడా లేదు.

కూచిపూడిలో టీకొట్టు దగ్గర ఆగాం. కొట్టాయన గ్లాసు అందిస్తూ, "డాన్స్ కోసం వచ్చారాండీ? పాపనెక్కడన్నా చేర్పిస్తున్నారా?" అని అడిగాడు.

"లేదు, రాయి కోసం."

"రాయా అండీ?" అని, ఇంకేమీ అడక్కుండా బిస్కెట్లు ఇచ్చాడు. పిచ్చిదనుకున్నట్టున్నాడు. ఏలకుల టీ మాత్రం బాగుంది.

అక్కణ్ణుంచి కాసేపటి దూరంలోనే వాళ్ల ఊరు. సాంబశివరావు గారు అరుగు మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. తమ్ముణ్ణి చూసి లేవలేదు. నన్ను చూసి మాత్రం లేచి, "రండమ్మా, కడప నుంచి ఎప్పుడొచ్చారు" అన్నారు. ప్రసాద్ అన్నయ్య కాళ్ల దగ్గర కూర్చుని షెడ్డు సంగతంతా చెప్పాడు. ఆయన విన్నారు.

"నాకెందుకురా చెప్తావు. ఆవిడకి చెప్పుకో. నువ్వెళ్లిన కాణ్ణించి ఒంటిపూటే తింటోంది. నేను చెబితే వినదు. పొద్దున్నే డబ్బా పట్టుకుని హంసలదీవి వెళ్లింది, సంగమంలో కలిపేస్తానని" అన్నారు.

"ఎందుకు బావగారూ? అది అసలుదే!" అంది పద్మజ.

"నాకు తెలీదా, ఆవిడకి తెలీదా? తెలియంది మీకు" అన్నారు ఆయన. ఆ ఒక్కమాటే గట్టిగా అన్నారు.

హంసలదీవి

చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు. అవనిగడ్డలో భోజనం చేద్దామంటే పద్మజ వద్దంది, నేనూ తినలేదు. చేపల పులుసు వాసన వదిలేసి రావడం నా జీవితంలో అదే మొదలు. ఆ లెక్క కూడా షెడ్డువాడి ఖాతాలోనే రాశాను.

పాలకాయతిప్ప దగ్గర రోడ్డు అయిపోతుంది. ప్రసాద్ తొందరలో కారును ఇసకలోకి దింపాడు, చక్రాలు సగం కూరుకుపోయాయి. వలలు బాగు చేసుకుంటున్న నలుగురు వచ్చి నవ్వుతూ నెట్టారు. ఎండుచేపలు ఆరబెడుతున్న ఒకావిడను ఇలాంటి మనిషి వచ్చిందా అని అడిగాను.

"వచ్చారండి, ఇత్తడి డబ్బా పట్టుకుని. సంగమం కాడికని అటెల్లారు, నడిచే ఎల్లారు. దేవుణ్ణి కలపడానికాండీ?" అని ఒడ్డువైపు చెయ్యి చూపింది. "రోజూ ఎవరో ఒకళ్లు వస్తారు. ఆ ప్లాస్టరు దేవుళ్లన్నీ మా వలలకే తగులుకుంటాయి తల్లీ. చేతులూ కాళ్లూ ఊడొస్తాయి, ఏరలేక చస్తున్నాం."

దేవుళ్లను పోత పోసేవాడొకడు, కొనేవాళ్లు కొందరు, వలలు చింపుకునేది ఈవిడ. ఆ ఇసకలో నాకు ఎవర్ని తిట్టాలో కూడా తెలియలేదు.

చాలా దూరం నడిచాం. పద్మజ చెప్పులు బురదలో ఊడిపోతే తీసుకోకుండా పరుగెత్తింది. ఒకవైపు కృష్ణ పాయ ఎర్రగా, ఒకవైపు సముద్రం. అక్కడ నేత చీర కట్టుకుని, చీర కుచ్చిళ్లు దోపుకుని, ఒక పొట్టి మనిషి నిలబడి ఉంది.

"అక్కా! ఆగండక్కా!"

అన్నపూర్ణ గారు వెనక్కి తిరిగింది. పద్మజను పైనుంచి కిందకు చూసింది. "ఇంత ఎండలో చెప్పుల్లేకుండా వచ్చావేంటే" అంది.

పద్మజ ఆవిడ కాళ్లు పట్టుకుంది. ఏడుపులో ఏం చెబుతోందో సగం అర్థం కాలేదు. షెడ్డు, బూడిద, వీడియో. నేనే అందుకుని మొత్తం చెప్పాను. "ఒక్కసారి నన్ను చూడనిస్తారా?" అన్నాను. ఆవిడ డబ్బా మూత తీసి, తులసి దళాలు పక్కకు జరిపి, రాయి నా చేతిలో పెట్టింది.

చల్లగా, బరువుగా ఉంది. ఒకపక్క చిన్న పెచ్చు ఊడి, లోపలి చుట్ట కనబడుతోంది. భూతద్దం పెట్టాను. గీతలు లోపలి నుంచి బయటికి ఎడం పెరుగుతూ వచ్చాయి. ఒకచోట గుల్ల దెబ్బతిని, మళ్లీ అతుక్కుని, ఆ పైన గీత కొంచెం పక్కకు పోయింది. బతికుండగా తగిలిన గాయం అది. అచ్చులో పోసేవాడికి ఆ గాయం పొయ్యడం రాదు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అసలుదే! నూటికి నూరుపాళ్లూ అసలుదే!" అని కేక పెట్టాను. కోర్టులో కేసు గెలిచినంత సంబరపడ్డాను.

పద్మజ కొంగు పరిచి పట్టింది. "తప్పయిపోయిందక్కా. ఇటివ్వండి. ఉగాది దాకా మా వంతే కదా."

ఆవిడ రాయిని నా చేతిలోంచి తీసుకుంది. "సంతోషం అమ్మా, అంత దూరం నుంచి వచ్చి చెప్పారు. నాకు తెలుసులెండి" అంది నాతో. తర్వాత పద్మజ వైపు తిరిగింది. "వీడియోవాడు కాదన్నాడు, కాదనుకున్నావు. మీ అక్క ఔనంది, ఔనంటున్నావు. ఇన్నేళ్లు నా చేతులతో కడిగి నీ చేతిలో పెట్టాను. నన్నెప్పుడైనా అడిగావా పద్మా?"

"ఇంకెప్పుడూ అనుమానించనక్కా, ఒట్టు."

"వచ్చే ఏడు ఇంకో వీడియో వస్తుంది" అంది ఆవిడ.

నేను ఊరుకోలేకపోయాను. అట్లాంటిది మళ్లీ దొరకదని, కోట్ల ఏళ్లదని, కావాలంటే ఆవిడే ఉంచుకోవాలని, వంతులే ఎత్తేయమని, ఏదేదో అరిచాను. ఆవిడ మొత్తం విని, "ఉంచుకుంటే అసలుది దాచుకున్నాననే అంటారమ్మా. ఇస్తే మార్చి ఇచ్చానంటారు. నేను పడలేను" అని నీళ్లలోకి నడిచింది. నడుం దాకా వెళ్లి, వంగి, రెండు చేతులూ నీళ్లలో పెట్టి వదిలింది. ప్రసాద్ ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

తడి చీర పిండుకుంటూ ఒడ్డుకొచ్చింది. ఇసకలో పెట్టిన క్యారేజీ విప్పి, నైవేద్యానికి చేసుకొచ్చిన పరమాన్నం అందరికీ చేతుల్లో పెట్టింది. పద్మజ దోసిట్లో పెట్టుకుని అట్లాగే నిలబడింది, నోట్లో పెట్టుకోలేకపోయింది.

"తిను" అంది అన్నపూర్ణ గారు. "నిన్నేం కాదనుకోలేదు. పండక్కి రా, పబ్బానికి రా. నీకు నమ్మి అప్పగించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు, అంతే."